విన్నట్టా, ఒప్పుకున్నట్టా?

బిల్హా లోకల్‌లో కిటికీ సీటు దొరకడం ఒక చిన్న అదృష్టం. ఆ అదృష్టం చేతిదాకా వచ్చినా వదులుకుని, ట్యాబ్ పట్టుకుని పెట్టెంతా తిరుగుతూ జనాన్ని ప్రశ్నలు అడగడం స్పందన ఉద్యోగం.

ఆమెది సిద్దిపేట. ఇంజనీరింగ్ చదివి, రైలు మార్గాలకు సర్వేలు చేసే ఒక కంపెనీలో చేరింది. బిలాస్‌పూర్ మెట్రో లైన్‌ని పక్క ఊళ్ళకు పొడిగిస్తే ఎంతమంది ఎక్కుతారో కనుక్కు రమ్మని ఆమెను ఇక్కడికి పంపారు. చకర్‌భాటా మీదుగా బిల్హా వరకూ ఒక కొమ్మ, తఖత్‌పూర్ వైపు ఇంకో కొమ్మ.

ఇందులో ఒక తిరకాసుంది. బిలాస్‌పూర్‌లో ఇంకా మెట్రో లేదు. ఊళ్ళో వేసే అసలు లైన్ సర్వే వేరే కంపెనీకి ఇచ్చారు. వాళ్ళింకా అడుగు పెట్టలేదు. పొడిగింపు సర్వే వీళ్ళకు ఇచ్చారు. వీళ్ళు మొదలుపెట్టేశారు. చీర నేయకముందే కొంగుకి కుచ్చులు కట్టే పని అన్నమాట. ఎక్కడినుంచి పొడిగిస్తున్నారమ్మా అని ఎవరైనా అడిగితే స్పందన ఊరి వైపు చెయ్యి చూపించేది. వాళ్ళు ఆ వైపు చూసేవాళ్ళు, ఏమీ కనిపించకపోతే ఆమె మొహం చూసేవాళ్ళు, పాపం అనుకుని సమోసా పెట్టేవాళ్ళు.

అలా ఒక మధ్యాహ్నం, సమోసా చేతిలో ఉండగా, కిటికీ పక్కనుంచి తెలుగు వినిపించింది.

"ఏటమ్మా, వచ్చేస్తన్నాను. అన్నం పెట్టేసి ఉంచు."

యూనిఫాంలో ఉన్న కుర్రాడు. కాళ్ళ దగ్గర ట్రాలీ బ్యాగు, జేబు మీద వేణుగోపాల్ అనే పేరు. నాలుగు వారాలుగా హిందీ తప్ప ఇంకేమీ చెవిన పడని స్పందనకు ప్రాణం లేచొచ్చింది. ట్యాబ్ తెరిచి, అతని ఎదురుగా నిలబడి, తెలుగులోనే మొదలుపెట్టింది. అతను గూడ్స్ రైళ్ళలో అసిస్టెంట్ లోకో పైలట్. భాటాపారా దాకా రైలు నడిపి, ఇప్పుడు ప్రయాణికుడిలా వెనక్కి వస్తున్నాడు. తాతగారు పలాస దగ్గరి పల్లెనుంచి ఇక్కడి లోకో షెడ్‌కి వచ్చి స్థిరపడ్డారట. అంతవరకూ బాగానే చెప్పాడు.

"ఈ లోకల్ రోజూ ఆలస్యమే," అంది స్పందన, మాట కలపడానికి.

"రోజూ ఆలస్యమే," అన్నాడు అతను.

"జనం నిలబడే పోతున్నారు."

"నిలబడే పోతున్నారు."

ఎదురు సీట్లో ఉన్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్పందన చెవులు వేడెక్కాయి. మెట్రో వస్తే ఈ లోకల్ ఎక్కేవాళ్ళే ఉండరని, అందరూ అందులోకే వస్తారని కొంచెం గట్టిగానే చెప్పింది. ఇది కూడా తిరిగి అంటాడేమోనని చూసింది. అతను అనలేదు. కిటికీలోంచి పొలాలకేసి చూశాడు, అవి తననేదో అడిగినట్టు.

"ఏంది సార్, వెక్కిరిస్తున్నరా?"

అతను నిజంగానే కంగారుపడ్డాడు. వెక్కిరించడం ఏమిటని, తాను అలాంటివాడు కాదని, కావాలంటే కిటికీ దగ్గర కూర్చోమని లేచి నిలబడ్డాడు. స్పందన కోపంగానే కూర్చుంది. కానీ కిటికీ కిటికీయే కదా. తడి మట్టి వాసన మొహం మీదికి కొట్టింది. దాధాపారా స్టేషన్ వచ్చేసరికి కోపం ఏ మూలకు పోయిందో ఆమెకే తెలియలేదు.

*

ఆ తరవాత వేణు వారానికి రెండుమూడుసార్లు అదే లోకల్‌లో కనిపించేవాడు. ఏ పెట్టెలో ఎక్కాలో అతనికి తెలుసు. ఏ సీటు మీద రుమాలు వేసి ఉంటుందో ఆమెకు తెలుసు.

అతనితో మాట్లాడటం మటుకు ఒక పజిల్‌లా ఉండేది. కొన్ని మాటలు అంటే వెంటనే తిరిగి అనేవాడు. కొన్ని అంటే మూగవాడైపోయేవాడు. స్టేషన్ టీ వేడినీళ్ళలా ఉందంటే, "వేడినీళ్ళలా ఉంది." ఇంటిమీద బెంగగా ఉందని ఒకరోజు నోరు జారితే, "బెంగగా ఉంది," అన్నాడు, అదేదో తనకే పుట్టినట్టు గొంతు తగ్గించి. అతని ఇల్లేమో స్టేషన్‌కి పది నిమిషాల నడక.

మ్యాప్ చూపించి, చకర్‌భాటా స్టేషన్‌ని విమానాశ్రయం గేటు పక్కనే పెడుతున్నామని ఆమె గర్వంగా చెబితే మౌనం. హాస్టల్ వంట బాగానే ఉంటుందంటే మౌనం. అయితే ఆ తరవాతి ప్రయాణంలో బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. మా అమ్మ పంపింది, అన్నాడు. మూత తీస్తే ఆవపెట్టిన అరటికాయ కూర. స్పందన డబ్బా సాంతం ఖాళీ చేసి, వేలు కూడా నాకి, అప్పుడు సిగ్గుపడింది.

ఇతను మంచివాడా? మంచివాడే. తనంటే ఇష్టమా? అది తెలియడం లేదు. రాత్రి పడుకుని అతని మాటలన్నీ గుర్తుచేసుకుంటే, అన్నీ తన మాటలే వచ్చేవి. అతని సొంత మాట ఒక్కటైనా ఉంటే దాని అంచు పట్టుకుని లాగి చూడొచ్చు. లేదే!

శ్రావణంలో ఒకరోజు ఇద్దరూ ఒకే రైల్లో బయలుదేరారు. అతను భాటాపారా వెళ్ళి అక్కడ గూడ్స్ రైలు అందుకోవాలి. ఆమె బిల్హాలో దిగి పని చూసుకోవాలి. బిల్హా వచ్చేసరికి వాన ఏటవాలుగా కొడుతోంది. స్పందన ప్లాట్‌ఫాం మీదికి దూకి వెనక్కి తిరిగింది. వేణు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారి ముక్కు చివర ఆగుతున్నాయి. ఆ చుక్క ఎప్పుడు పడుతుందా అని చూస్తూ నిలబడింది ఆమె. హారన్ మోగింది.

రైలు కదలబోతోంది కదా, తను ఏం అన్నా, సిగ్గుపడి పారిపోవాల్సిన పని లేదు, రైలే అతన్ని తీసుకుపోతుంది. ఆ ధైర్యంతో అనేసింది.

"మీరంటే నాకు ఇష్టం."

వేణు ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒకసారి కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి చూశాడు.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడు.

రైలు కదిలింది. ముక్కు మీది చుక్క పడింది. స్పందన గొడుగు తెరవడం మరచిపోయి సర్వే మొత్తం తడుస్తూ చేసింది. ఆ రోజు ఆమెకు బిల్హాలో అందరూ అందంగానే కనిపించారు. ధాన్యం బస్తాలు మోసే లారీ కూడా.

*

డ్యూటీలో ఉన్నంతసేపూ ఇంజిను సిబ్బంది ఫోన్ కట్టేసి ఉంచాలి. అందుకని రెండు రోజులు అతనితో మాటల్లేవు. ఆ రెండు రోజులూ స్పందన ఒక్కతే నవ్వుకుంటూ తిరిగింది.

రెండో రోజు పొద్దున్న మీనాక్షి మేడమ్ ఫోన్ చేశారు. ఆవిడ స్పందన పైఅధికారి, రాయపూర్‌లో ఉంటారు. అసలు లైన్ సంగతి తేలేదాకా బిల్హా కొమ్మ ఆపేయమన్నారట. జైపూర్‌లో పెద్ద ప్రాజెక్టు ఉంది, వెంటనే వెళ్ళొచ్చు. లేదా ఇక్కడే ఉండి తఖత్‌పూర్ కొమ్మ లెక్కలు చేయొచ్చు. అది ఏడాది పని, పేరొచ్చేది కాదు. ఏదో ఒకటి సాయంత్రంలోగా చెప్పాలి.

మెట్రో లేని ఊరికి పొడిగింపు ఆపేస్తే, ఆపింది దేన్నో స్పందనకు సరిగ్గా అర్థం కాలేదు. కానీ జవాబు మటుకు నాలుక చివరే ఉంది. ఇక్కడే ఉంటాను మేడమ్ అని. ముందు వేణుకి చెప్పి, అతని మొహం చూసి, అప్పుడు చెబుదామని ఆగింది. మధ్యాహ్నానికి అతను వచ్చేస్తున్నాడు. భోజనానికి రమ్మని వాళ్ళమ్మ మంగాయమ్మ కబురు చేయనే చేసింది.

బుధవారి బజార్ వెనక సందులో ఇల్లు. సందంతా తెలుగే, మధ్యమధ్యలో హిందీ తాలింపు. మంగాయమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కుర్చీలో పేపరు చదువుతున్న అప్పలస్వామిగారు తల ఊపారు. ఆయన లోకో పైలట్‌గా రిటైరయ్యారు. వేణు రైలు ఆలస్యమట, మీరు కూర్చోండి అన్నారు.

పులుసులో బెల్లం. స్పందనకు మొదట వింతగా, తరవాత బాగా అనిపించింది. రెండోసారి వడ్డించుకుంది.

"పులుసులో ఉప్పు తగ్గినట్టుంది," అంది మంగాయమ్మ వంటింట్లోంచి.

"ఉప్పు తగ్గినట్టుంది," అన్నారు అప్పలస్వామిగారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆయన ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు.

"రేపు గేసు బండ చెప్పాల."

"గేసు బండ చెప్పాల."

స్పందనకు నవ్వొచ్చింది. అది చూసి మంగాయమ్మకూ నవ్వొచ్చింది.

"ఈ ఇంట్లో ఇది మామూలే తల్లీ. ఇంజిను మీద ఇద్దరుంటారు కదా, ఒకడు సిగ్నల్ సూసి పచ్చ అంటాడు. రెండోవాడు కూడా పచ్చ అనాల. ఎర్ర అంటే ఎర్ర అనాల. ఉద్యోగం అయిపోయినా ఈయనకి అలవాటు పోలేదు. మా వేణుకీ అంటుకుంది. సూసే ఉంటావు."

స్పందన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అంటే, ఆంటీ... మనం అన్నది తిరిగి అంటే, ఒప్పుకున్నట్టే కదా?"

"ఒప్పుకోడమేటి? ఇన్నానని, అంతే." మంగాయమ్మ నెయ్యి గిన్నెతో వచ్చి పక్కనే కూర్చుంది. "పెళ్ళయిన కొత్తలో ఈయన్ని పూరీ ఎల్దాం అన్నాను. పూరీ ఎల్దాం అన్నారు. పొంగిపోయి పెట్టె సర్దీసుకున్నాను. ఇప్పటికీ ఎల్లనేదు."

"పూరీ ఎల్దాం," అన్నారు అప్పలస్వామిగారు, పేజీ తిప్పుతూ.

మంగాయమ్మ పగలబడి నవ్వింది. స్పందన కూడా నవ్వబోయింది, రాలేదు. మీరంటే నాకు ఇష్టం. అవే మాటలు, అదే వరసలో. విన్నానని చెప్పాడు, అంతేనా? పెట్టె సర్దేసుకుంది తను కూడా. ఇంకొంచెం ఉంటే మేడమ్‌కి ఫోన్ చేసి జైపూర్ వద్దనేసేది.

ముద్ద కంచంలోనే వదిలేసింది. అప్పుడే గుమ్మంలో ట్రాలీ బ్యాగు చక్రాల చప్పుడైంది. వేణు లోపలికొచ్చి, ఆమెను చూసి, మొహమంతా వెలిగిపోయి, తల్లిదండ్రులున్నారని గుర్తొచ్చి ఆ వెలుగు సగానికి తగ్గించాడు. స్పందన ఆ మొహం వైపు చూడనేలేదు. ఆఫీసు పనుందంటూ చెయ్యి కడుక్కుంది. పెరుగన్నం తినలేదేటని మంగాయమ్మ అడుగుతూనే ఉంది. ఈమె చెప్పులేసుకుంటూనే ఉంది.

*

వేణు సందు చివరిదాకా పక్కనే నడిచాడు. బజారు రోడ్డు మీద ఒక ఆటో ఆగింది, స్పందన ఎక్కలేదు. ఇంకోటి ఆగింది, అదీ వద్దంది. ఎందుకు వద్దంటోందో ఆమెకే తెలియలేదు. చివరికి కూరగాయల దుకాణం ముందు, టమాటాల పక్కన నిలబడి మాట్లాడింది.

"నన్ను జైపూర్ రమ్మంటున్నరు."

"జైపూర్ రమ్మంటున్నారు," అన్నాడు వేణు మెల్లగా.

"పెద్ద ప్రాజెక్టు."

"పెద్ద ప్రాజెక్టు."

ఇంకేముంది, తేలిపోయింది. ఆమె టమాటాలకేసి చూస్తూ అంది.

"నాకు వెళ్ళాలనే ఉంది. వెళ్తాను."

ఒక స్కూటరు పోయింది. కూరలమ్మే ఆవిడ టమాటాల మీద నీళ్ళు చిలకరించింది. స్పందన తల ఎత్తింది. వేణు ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఆ రోజు బిల్హాలో చూసినట్టు.

"వెళ్తాను అన్నాను. విన్నరు కదా? అనండి మరి."

"అనను."

"ఎందుకు?"

"నాకు కనబడలేదండి."

ఏం కనబడలేదో ఆమెకు అర్థం కాలేదు. మీ అమ్మ అంతా చెప్పిందని, తిరిగి అనడమంటే విన్నానని మాత్రమేనని, తనకిప్పుడు అన్నీ తెలిసిపోయాయని గబగబా చెప్పేసింది. వేణు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది నాన్న ఇంటి అలవాటండి. పేపరు చదువుతూ అనేస్తారు. ఇంజినులో అలా అంటే ఉద్యోగం పోతుంది. మా పైలట్ సార్ పచ్చ అంటే, ఆయన మాట నమ్మి నేను పచ్చ అనకూడదు. నా కళ్ళతో నేను చూడాల. కనబడితేనే అనాల. వానకో మంచుకో కనబడకపోతే నోరు మూసుకుని బ్రేకు మీద చెయ్యి పెట్టాల." ఇంత పొడుగ్గా అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "మీకు వెళ్ళాలనుందన్నారు. మీ మొహంలో వెతికాను. నాకు కనబడలేదు. అందుకే అనలేదు."

స్పందన ఒక అడుగు అతని దగ్గరికి జరిగింది.

"మరి... ఆ రోజు బిల్హాలో?"

"ఆ రోజు ముందు నాలో చూసుకున్నాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఉంది. ఎప్పటినుంచో ఉంది. అప్పుడే అన్నాను."

"ఎప్పటినుంచో ఉంటే ముందే చెప్పొచ్చు కదా! నోట్లె ముత్యాలున్నయా?"

కూరలావిడకు తెలుగు రాదు. అయినా చిలకరించడం ఆపి వింటోంది.

వేణు నవ్వాడు. ముందు అనే ధైర్యం లేకపోయిందట. ఇంజినులో కూడా తాను ఇంకా అసిస్టెంటేనట. స్పందనకు అప్పుడు ఒక్కొక్కటే అర్థమవడం మొదలైంది. హాస్టల్ వంట బాగుందన్నప్పుడు ఎందుకు అనలేదని అడిగింది. బుగ్గలు పీక్కుపోయి కనబడుతుంటే బాగుందని ఎలా అంటానన్నాడు. మెట్రో వస్తే లోకల్‌ని అందరూ వదిలేస్తారన్నదానికో? పాల క్యాన్లు, కూరగంపలు మెట్రోలో ఎక్కనిస్తారా అని ఎదురడిగాడు. మరి చకర్‌భాటా స్టేషన్?

"విమానం ఎక్కేవాళ్ళు కార్లలో వస్తారండి. రైలెక్కేవాళ్ళు బజారు దగ్గరుంటారు. గేటు పక్కన పెట్టి ఏటి లాభం?"

స్పందన నోరు తెరిచింది. రెండు వారాలు కష్టపడి గీసిన మ్యాప్ అది. ఇంత తెలిసీ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడా? ఆమె కోప్పడింది. అతను సమాధానం చెప్పాడు, తన సొంత మాటలతో, ఒక్కటి కూడా ఆమెది కాదు. పుట్టని రైలుకి లేని స్టేషన్ ఎక్కడుండాలో టమాటాల పక్కన నిలబడి ఇద్దరూ ఎంతసేపు పోట్లాడుకున్నారో! ఆగిన ఆటోవాళ్ళు ఆగినట్టే వెళ్ళిపోయారు. జీవితంలో ఏ పోట్లాటా స్పందనకు ఇంత తియ్యగా అనిపించలేదు.

పోట్లాట మధ్యలోనే మీనాక్షి మేడమ్‌కి ఫోన్ చేసింది. జైపూర్ వద్దు, తఖత్‌పూర్ లెక్కలు తానే చేస్తానంది. చకర్‌భాటా స్టేషన్ కూడా మళ్ళీ చూడాలంది. ఆపేసిన కొమ్మలో స్టేషన్ మళ్ళీ చూడటమేమిటని మేడమ్ అడిగారు. అది తనకూ ఇంకా సరిగ్గా తెలియదని స్పందన ఎంతో సంతోషంగా చెప్పింది. అవతలినుంచి ఒక నిట్టూర్పు, తరవాత సరే అన్నారు.

ఫోన్ పెట్టేశాక వేణు గొంతు సవరించుకున్నాడు.

"సిద్దిపేట నేనే వస్తాను. మీ నాన్నగారితో నేనే మాట్లాడతాను. ముందుగా నేనే."

స్పందన అతని మొహంలోకి తీరిగ్గా చూసింది. ఎంత కావాలంటే అంత చూసింది. అడ్డం వానా లేదు, మంచూ లేదు.

"నువ్వే," అంది. మీరు ఎప్పుడు పోయి నువ్వు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

*

వెనక్కి వెళ్ళేసరికి మంగాయమ్మ ఇంకా తినలేదు. స్పందన వదిలేసిన కంచం మీద మూత పెట్టి, దాని ఎదురుగా దిగులుగా కూర్చుని ఉంది. పులుసులో బెల్లం ఎక్కువైందేటి, అందుకే లేచిపోయిందేటి అని మొగుణ్ణి వేధిస్తోంది. ఇద్దరూ కలిసి లోపలికి రావడం చూసి ఆగింది. కొడుకు చెవులు చూసింది. పిల్ల చూపు చూసింది. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

అయినా వేణు చెప్పాడు, గోడ మీద క్యాలెండర్‌ని చూస్తూ. అప్పలస్వామిగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కన్నవాళ్ళని అడగాలి కదా, సిద్దిపేటకి ఏ రైలుందో చూడు అని కొడుక్కి చెప్పారు. అంతే ఆయన ఆశీర్వాదం.

మంగాయమ్మ మటుకు లేవలేదు. కూర్చున్నచోటే కంచం మీద మూత తీసి, పెరుగు గిన్నె, గరిటె దగ్గరికి లాక్కుంది.

"ముందిది తిను. ఇంక ఆంటీ గీంటీ కుదరదు. ఏటని పిలుస్తావో పిలువు, ఇంటాను."

స్పందన కింద కూర్చుంది. వాళ్ళూళ్ళో ఎలా పిలుస్తారో అలా పిలవడమే వచ్చు ఆమెకు. చాలా చిన్న గొంతుతో పిలిచింది.

"అత్తమ్మా."

మంగాయమ్మ చేతిలో గరిటె ఆగింది. వాళ్ళ వైపు అత్త అంటే అత్తే, అమ్మ అంటే అమ్మే. రెండింటినీ కలిపి ఎవరూ పిలవగా ఆవిడ ఇంతవరకూ వినలేదు. మీ వైపు అందరూ ఇలాగే అంటారేటి అని అడిగింది. అవునంది స్పందన.

"అయితే ఇంకోసారి అను," అంది మంగాయమ్మ, కంచంలో పెరుగు వడ్డిస్తూ.